నల్లాకు కాలం

1991 జనవరి 8, మంగళవారం

క్యాంపు ఆఫీసు బయట ఒక కాగితం అంటించారు. కువైట్ గొడవతో యుద్ధం వచ్చేలా ఉంది కాబట్టి ఇంటికి పోవాలనుకునేవాళ్లు మూడు రోజుల్లో పేరు రాయాలి. కంపెనీయే టికెట్టు ఇస్తుంది, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టిస్తుంది. అంతా సద్దుమణిగాక తిరిగి రావచ్చు. మధ్యాహ్నానికే అరవై పేర్లు పడ్డాయి. లక్ష్మణ్ పేరు పదకొండోది. మెట్‌పల్లి దగ్గర మా పక్క ఊరివాడు, తాపీ మేస్త్రీ, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నా చెయ్యి పట్టుకుని కాగితం దాకా లాక్కుపోయాడు. చేతులకు పిండి ఉంది, కడుక్కుని వచ్చి రాస్తానన్నాను.

కడుక్కున్నాను. మళ్లీ పిండి కలపాల్సి వచ్చింది.

జనవరి 9

ఇంకా రెండు రోజుల గడువు ఉంది.

జనవరి 10

బ్రూనో పోతున్నాడు. ఇంజనీర్ల మెస్సుకు పెద్ద వంటవాడు అతను, ఇటలీవాడు. ఆరేళ్లుగా నేను అతని కింద ఉల్లిపాయలు కోస్తున్నాను, గిన్నెలు తోముతున్నాను, రొట్టె పిండి కలుపుతున్నాను. ఉప్పు డబ్బా మాత్రం ఎన్నడూ నా చేతికి ఇవ్వలేదు. ఈ రోజు ఏకంగా మెస్సు తాళాలే ఇచ్చాడు. తొమ్మిదిమంది ఇంజనీర్లు ఇక్కడే ఉంటున్నారు, ప్రాజెక్టు మేనేజరు రినాల్దీ సాబ్‌తో కలిపి. వాళ్లకు ఎవరో ఒకరు వండాలి కదా.

తాళాలు ఇచ్చి, మెస్సు వెనక్కి తీసుకుపోయి తన మడి చూపించాడు. చూపించడమెందుకు, రోజూ నీళ్లు పట్టేది నేనే. ఏసీ మిషన్ల నుంచి కారే నీళ్లు పాయ కట్టి మళ్లించి, పక్కనున్న ఖతీఫ్ ఊరి తోటల మట్టి తెప్పించి వేసుకున్న మడి. ఇటలీ నుంచి తెచ్చిన విత్తనం. పొడుగాటి ఆకు, నలుపు తిరిగిన ఆకుపచ్చ, మొసలి తోలులా మడతలు. దాని పేరు అతను ఏదో చెబుతాడు. నేను నల్లాకు అంటాను. ఆ ఆకు, సాసేజ్, తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, ఆలివ్ నూనె వేసి గురువారం గురువారం పెద్ద కుండలో స్ట్యూ చేసేవాడు. ఇంజనీర్లు వారమంతా ఆ ఒక్క పూట కోసమే ఎదురుచూసేవాళ్లు.

ఎట్లా చెయ్యాలో రాసివ్వమని అడిగాను. ఆరేళ్లు పక్కన నిలబడి చూశావు, ఇంకా రాసేదేముందన్నాడు, తన హిందీ ఇంగ్లీషు కలగలిపి.

నిజమే. చూశాను. రుచి మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ సాసేజ్ ఎద్దు మాంసం, నేను ముట్టను. అయినా చెయ్యగలను. చేతికి తెలుస్తుంది.

మా ఆవిడ జయకు ఉత్తరం రాసి లక్ష్మణ్ చేతికిచ్చాను. రేపు పోతున్నాడు. వంటవాళ్లను కంపెనీ పోనివ్వడం లేదని రాశాను. అది అబద్ధమేమీ కాదు. తాళాలు చేతికి వచ్చాక నేను ఎట్లా పోగలను? పోలేను అన్నా పోనివ్వరు అన్నా అటు తిరిగీ ఇటు తిరిగీ ఒకటే. జయకు ఇట్లా అయితేనే అర్థమవుతుంది. అట్లా అయితే బాధపడుతుంది.

లక్ష్మణ్ ఇతరుల ఉత్తరాలు చదివే రకం కాదు.

జనవరి 11

పోయారు. రెండు బస్సులు. కూలీల మెస్సులో సగం బల్లలు ఖాళీ.

కాగితం తీసేశారు.

జనవరి 13

మొదటి స్ట్యూ. గురువారం దాకా ఎందుకని ఈ రోజే పెట్టాను.

ఆలివ్ నూనెలో ఉల్లిపాయ, క్యారట్, వెల్లుల్లి. సాసేజ్ ముక్కలు ఎర్రగా వేయించి తీసి పక్కన పెట్టాలి, అడుగున పట్టిన మడ్డిలోనే టమాటాలు వేసి గోకాలి. రాత్రి నానబెట్టిన చిక్కుడు గింజలు, నీళ్లు, ఒక రెమ్మ రోజ్‌మేరీ, బ్రూనో దాచిపెట్టే ఎండు చీజ్ చెక్క. చివర ఆకు. అన్నీ సరిగ్గా బ్రూనో చేసినట్టే చేశాను.

రినాల్దీ సాబ్ సగం తిని గిన్నె పక్కకు జరిపాడు. మంచివాడు, ఏమీ అనలేదు. మిగిలినవాళ్లు రొట్టె ఎక్కువ తిన్నారు. ఆకు చేదెక్కింది, ఈనెలు నమలడానికి రావట్లేదని తర్వాత తెలిసింది. ఎవరూ చెప్పలేదు, గిన్నెలలో మిగిలిన ఈనెలు చూసి నేనే తెలుసుకున్నాను.

అది ఆకు తప్పు. వంట తప్పు కాదు.

జనవరి 15

దిలావర్‌ను రుచి చూడమని పిలిచాను. కంపెనీ పికప్ నడుపుతాడు, ఆదోని మనిషి. తెలుగు మాట్లాడేవాడని మొదటి ఏడాది నుంచే దోస్తీ కుదిరింది. తనకు ఎద్దు మాంసంతో పేచీ లేదు. గరిటెతో ఇచ్చాను. బాగుందన్నాడు. ఉప్పు? బాగుంది. చేదు? లేదు, బాగుంది. ఇంకేమన్నా కావాలా? ఏమీ వద్దు, బాగుంది.

ఈసారి ఈనెలు చీల్చి తీసేశాను. అడుగు ఆకులే కోశాను, మొవ్వు ముట్టలేదు. ముప్పావుగంట ఉడికించాను.

రినాల్దీ సాబ్ మూడు వంతులు తిన్నాడు. ఉప్పు అడిగి తీసుకున్నాడు. నలుగురు అడిగారు.

బాగుందన్నాడు కదా దిలావర్!

జనవరి 17

తెల్లవారుజామున మొదలైంది. రేడియోలో చెప్పారు. ఆకాశం నిండా విమానాల మోత. నాకేమీ భయం వేయలేదు. ఇడ్లీరవ్వ లాంటి గోధుమరవ్వ ఉంటే ఉప్మా చేసి పెట్టాను, తొమ్మిదిమందీ తిన్నారు. ఉప్పు వేసింది నేను, రుచి చూసింది నేను. ఎవరూ ఉప్పు అడగలేదు.

జనవరి 20

నాకేమీ భయం వేయడం లేదు.

జనవరి 22

రెండు రోజులుగా సైరన్లు. దహ్రాన్ వైపు పైన పేలిన చప్పుళ్లకు మెస్సు అద్దాలు అదురుతున్నాయి. కిటికీలన్నింటికీ అడ్డంగా టేపు అంటించాం. రినాల్దీ సాబ్ నాకూ ఒక గ్యాస్ మాస్కు ఇప్పించాడు. వంటవాడు పోతే తామంతా డబ్బాల్లోని చేపలు తినాలి కదా అని నవ్వాడు. క్యాంపులో కూలీవాళ్లకు కూడా వస్తున్నాయట. వచ్చేదాకా తడి తువ్వాలు.

పొద్దున బాగా చలి. మడిలో ఆకుల మీద చేయి పెడితే జివ్వుమంది. ఒక ఆకు తుంచి పచ్చిదే నమిలాను. తియ్యగా ఉంది! చలి పడితే తియ్యబడుతుందని బ్రూనో ఒకసారి చెప్పినట్టు గుర్తు. సగం మడి కోసి తడిగుడ్డలో చుట్టి కోల్డ్ రూములో పెట్టాను.

మధ్యాహ్నం ఆ ఆకుతోనే చేశాను. చేదు పోయింది. దిలావర్ బాగుందన్నాడు. గిన్నెలు మాత్రం మళ్లీ పూర్తిగా ఖాళీ కాలేదు. ఉప్పు డబ్బా బల్ల మీద చేతులు మారుతూనే ఉంది.

జనవరి 24

ఈ రోజు దిలావర్‌ను పట్టుకున్నాను. గరిటెలో ఉత్త వేడినీళ్లు పోసి, రెండు చుక్కల నూనె వేసి ఇచ్చాను. నోట్లో పోసుకుని బాగుందన్నాడు.

వాడిని తిట్టబోయి ముఖం చూసి ఆగాను. బల్ల మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "విమానాలు మొదలైన కాడి నుంచి నోట్లో రుచే తెలీడంల్యా అప్పా. గడ్డి పెట్టినా ఒగటే, బిర్యానీ పెట్టినా ఒగటే. నువ్వు అంత కష్టపడి చేస్తాంటే బాగలేదని ఎట్ల చెప్పేది?" అన్నాడు.

భయస్తుడు పాపం. అందరికీ నాలాంటి గుండె ఉండదు.

అయినా తప్పు నాది కూడా. ఇంకొకడి నాలుకతో వంట చేస్తే ఇట్లాగే ఉంటుంది.

జనవరి 28

ఫ్రీజర్లో సాసేజ్ అయిపోయింది. తెచ్చే లారీ మూడు వారాలుగా రాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. సముద్రంలో చమురు వదిలారు, చేపలు కూడా లేవు. గురువారం కోడి పెడతానంటే రినాల్దీ సాబ్ సరేనన్నాడు గాని ముఖం వాడిపోయింది.

నేనే సాసేజ్ చేస్తానన్నాను. నోట్లోంచి వచ్చేశాక ఆలోచించాను. మంచిదే అయింది. గొర్రెతో చేస్తే నేనూ తినొచ్చు.

జనవరి 30

దిలావర్ ఖతీఫ్ సంత నుంచి గొర్రెను కోయించి తెచ్చాడు. తోకలో రెండు కిలోల కొవ్వున్న జాతి. పేగులు పారేయకుండా తెమ్మన్నందుకు కసాయి వాడు నవ్వాడట. వాడికేం తెలుసు? బోటి కడగడం మా ఇంట్లో పుట్టుకతో వచ్చే విద్య. సన్న పుల్ల మీదుగా పేగు లోపలి భాగం బయటికి తిప్పి, ఉప్పు, నిమ్మరసం పట్టించి, కత్తి వెనక వైపుతో గీసుకుంటూ పోవాలి. ఏడు నీళ్లు కడిగాను. గాలి ఊదితే కాగితంలా నిలిచాయి.

మాంసం కొట్టించి, తోక కొవ్వు సన్నగా తరిగి కలిపాను. వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు, దోరగా వేయించిన సోంపు. సోంపు బ్రూనో సాసేజ్‌లో ఉండేదని వాసన చెప్పింది. నారింజ తొక్క కొద్దిగా తురిమి వేశాను. అది బ్రూనో వేసేవాడు కాదు. నేను వేశాను. గరాటుతో, బొటనవేలితో పేగుల్లోకి కూరాను. మూడు గంటలు పట్టింది. బెత్తెడు బెత్తెడు దూరంలో మెలితిప్పి కోల్డ్ రూములో వేలాడదీశాను.

జనవరి 31

మొదటి నాలుగు పెనం మీద టపటపా పేలాయి. దిలావర్ బల్ల కిందికి దూరాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. మిగిలినవాటికి సూదితో పొడిచి, సన్న సెగ మీద పెట్టాను. నిలిచాయి.

స్ట్యూ దింపేముందు గరిటె ముంచి, ఊదుకుని, నాలుక మీద వేసుకున్నాను. ఆరేళ్లలో మొదటిసారి.

ఉప్పు తక్కువ. ఇంకా పులుపు కావాలి. ఆకు మరీ మెత్తబడింది, పది నిమిషాలు ముందే దింపాల్సింది. ఇవన్నీ ఒకేసారి తెలిశాయి, చీకటి గదిలో దీపం పెట్టినట్టు. ఉప్పు వేశాను. రెండు నిమ్మకాయలు పిండాను. నల్ల ఆలివ్ కాయలు గింజ తీసి చిదిమి వేశాను. మళ్లీ చూశాను.

వడ్డించి తలుపు దగ్గర నిలబడ్డాను. చెంచాల చప్పుడే. ఎవరూ ఉప్పు అడగలేదు. రినాల్దీ సాబ్ రొట్టె ముక్కతో గిన్నె తుడిచి, ఆ ముక్క తిని, ఖాళీ గిన్నె పట్టుకుని తనే వంటింట్లోకి వచ్చాడు. ఇది బ్రూనోది కాదన్నాడు. కాదు సాబ్, గొర్రె అన్నాను. అది కాదు నేననేది అన్నాడు. ఇంకొక గిన్నె నింపుకుని పోయాడు.

ఈ రోజు రాయడానికి ఇంకేమీ లేదు. ఇది చాలు.

ఫిబ్రవరి 7

గురువారం. స్ట్యూ. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 14

గురువారం. ఇంకా బాగా వచ్చింది. పక్క క్యాంపు ఇంజనీర్లు ఇద్దరు భోజనానికి వచ్చారు.

ఫిబ్రవరి 19

ఇంటి నుంచి ఉత్తరం. ఎన్ని చోట్ల ఆగిందో, మూడు వారాలు పట్టింది. జయకు చదువు రాదు, ఎప్పటిలాగే మా అమ్మాయి సునీత రాసింది. ఎనిమిదో తరగతి, చేతిరాత ముత్యాలే. తనకు లెక్కల్లో ఎనభై రెండు వచ్చాయట. నా ఉత్తరం లక్ష్మణ్ బాబాయి తెచ్చిచ్చాడట, తను చదివి వినిపిస్తుంటే ఆయన అక్కడే కూర్చుని విన్నాడట. నాన్నను ఎప్పుడు వదులుతారు అని అడిగింది. చివర్లో, అమ్మ చిక్కిపోయింది అని ఒక ముక్క.

పసుపు తవ్వకాల కాలం కదా. ఏటా ఈ నెలల్లో చిక్కిపోతుంది.

ఫిబ్రవరి 26

నిన్న సాయంత్రం భోజనాల వేళ ఖోబర్‌లో అమెరికా సిపాయిల బ్యారక్ మీద క్షిపణి పడింది. చాలామంది పోయారు. ఇక్కడిదాకా నేల కదిలింది. పొయ్యి మీద కుండ నా కళ్ల ముందే జరిగింది.

ఈ రోజు వంట మామూలే.

ఫిబ్రవరి 28

అయిపోయింది. యుద్ధం ఆగింది. నేను ఇక్కడే ఉన్నాను, ఏమీ కాలేదు. కాదని నాకు ముందే తెలుసు.

గురువారం కూడా కలిసొచ్చింది. రినాల్దీ సాబ్‌ను అడిగి కూలీల మెస్సుకు కూడా నేనే వండాను. ఎనభైమందికి, నాలుగు డేగిసాలు. మూడు గొర్రెలు. మడిలో ఆకు చాలక సంతలో దొరికిన దుంపబచ్చలి లాంటి ఆకు కలిపాను. మనవాళ్లకు రొట్టె ఆనదని అన్నం వండాను. నిజామాబాద్ నుంచి వచ్చిన రాజేశం అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిని, ఇది చుక్కకూర మాంసానికి మేనత్త కొడుకులా ఉందన్నాడు. పెద్ద మర్యాదే అది.

మార్చి 9

మధ్యాహ్నం పన్నెండుకు దీపాలు వేసుకున్నాం. కువైట్ బావులు తగలబడుతున్న పొగ. వాన పడితే చొక్కాల మీద నల్ల చుక్కలు. మడిలో ఆకు మీద చేయి పెడితే కాటుక అంటింది. ఒక్కో ఆకునూ గోధుమపిండి కలిపిన నీళ్లలో ముంచి, మళ్లీ ఉప్పు నీళ్లలో, మళ్లీ మంచినీళ్లలో కడిగాను. నాలుగు గంటలు పట్టింది. పారేయమన్నాడు దిలావర్. ఎందుకు పారేస్తాను?

మార్చి 14

బ్రూనో తిరిగి రావడం లేదు. అక్కడే తమ్ముడి హోటల్లో చేరాడట. రినాల్దీ సాబ్ పిలిచి, పెద్ద వంటవాడిగా నా పేరే పంపుతున్నానన్నాడు. ఇక్కడ ఉండడానికి ఇచ్చే అకామా కార్డులో పని పేరు కూడా మార్పిస్తారట. లేబర్ అని ఉంది, కుక్ అవుతుంది.

జయకు రాయాలి. ఎట్లా మొదలుపెట్టాలో చూడాలి.

మార్చి 17

రంజాను మొదలైంది. దిలావర్ రోజా ఉంటున్నాడు. ఇంజనీర్లకు పగటి భోజనం పరదాలు దించి లోపలే పెడుతున్నాం.

జయకు రేపు రాస్తాను.

మార్చి 22, శుక్రవారం

లక్ష్మణ్ వచ్చాడు. పొద్దున బస్సు దిగి నేరుగా వంటింటికే వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి టేపు రికార్డరు క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"నన్నేమనకు సదన్నా. నెలదాక నోరు మూసుకున్న. నీ ఉత్తరం సునీత సదువుతుంటె కూసొని తలకాయూపిన. గని వదినను జూస్తే నాతోని గాలే" అన్నాడు.

ఏమైందని అడిగాను. వినమన్నాడు. వెళ్లిపోయాడు.

గదిలో ఒక్కడినే ఉన్నప్పుడు పెట్టాను. మొదట కోడి అరుపు. గిన్నె ఏదో జరిపిన చప్పుడు. తర్వాత జయ. నాలుగుసార్లు విన్నాను, అందుకే ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయగలుగుతున్నాను.

"సునీత బడికి వోయింది. దానికి తెల్వద్దని నేనే మాట్లాడుతున్న. లచ్చన్న చెప్పిండు. కంపెనోల్లు ఎవరు పోతరో పేర్లు రాయుమన్నరట. నువ్వు రాయలేదట. నిన్ను పోనిస్తలేరని రాసినవ్ గదా, ఆ దినం కెల్లి నేను ఒక్కపొద్దు ఉన్న. కంపెనోల్లు నిన్ను ఇడిసిపెట్టేదాక ఒక్క పూటనే తింటనని కొండగట్టు అంజన్నకు మొక్కిన. పసుపు తవ్వెటప్పుడు కండ్లు తిరిగి పడ్డ. అయినా ఇడువలె. ముఖం తెల్వని మనుషుల్ని రోజు పొద్దుగాల తిట్టుకుంట లేసిన. వాల్లకు పిల్లలుంటరో ఏమో, వాల్లను గూడ తిట్టిన. రానని చెప్తే నేనేమంటుంటి? ఏడుస్తుంటి, ఊకుంటుంటి. గంతే గదా."

అంతే. తర్వాత ఉత్త టేపు. ముప్పై నిమిషాలూ తిప్పి విన్నాను, ఇంకేమన్నా ఉందేమోనని. లేదు.

మార్చి 23

వంట చేశాను.

మార్చి 25

ఎండలు ముదురుతున్నాయి. పొద్దున టీ తప్ప ఏదీ తినబుద్ధి కావడం లేదు. సాయంత్రం ఒక పూట తింటే సరిపోతోంది. వేడికి ఇట్లాగే ఉంటుంది.

ఆమెకు ఉత్తరం రాయలేను. నేను రాసిందేదైనా సునీతే చదవాలి.

మార్చి 28

గురువారం. స్ట్యూ. మడిలో ఆకు ఎండకు గిడసబారింది, పూత వస్తోంది. రినాల్దీ సాబ్ గిన్నె పక్కకు జరిపాడు. ఉప్పు రెండుసార్లు వేశానట. రుచి చూసే వేశాను. నోటికి ఏమీ తెలియలేదు.

మార్చి 30

దిలావర్ ఇఫ్తారుకు ఖర్జూరాలు, మజ్జిగ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయ్యాక తను ఒకటి నోట్లో వేసుకుని, నాకొకటి ఇచ్చాడు. నేను ఆత్రంగా తినడం చూశాడు.

"నేను రోజా ఉండేది అల్లా కోసరం. నువ్వు ఎవురి కోసరం ఉండావప్పా?" అని అడిగాడు.

చెప్పాను. కాగితం దగ్గర్నుంచి క్యాసెట్టు దాకా అంతా చెప్పాను. ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి. ఈ డైరీకి కూడా ఇంత సూటిగా చెప్పలేదు. జనవరి పదో తారీఖున రాసింది వెనక్కి తిప్పి చదివితే సిగ్గేసింది. పోలేను అన్నా పోనివ్వరు అన్నా ఒకటేనట. ఎంత తెలివి!

దిలావర్ అంతా విని, నువ్వు ఇక్కడ మాడితే అక్కడ ఆమె కడుపు నిండుతుందా అన్నాడు. ఫోన్ చెయ్యమన్నాడు. ఊళ్లో ఎరువుల దుకాణం గురవయ్య దగ్గర ఫోను ఉంది. రేపు దమ్మాం పోయి టెలిగ్రాం ఇస్తాను. శుక్రవారం, అక్కడి పన్నెండున్నరకు జయ దుకాణానికి రావాలని.

ఏప్రిల్ 4

గురువారం. స్ట్యూ పెట్టలేదు. కోడి వండాను. రేపు ఏం చెప్పాలో నాలుగు ముక్కలు రాసుకుని చింపేశాను. రాసుకున్నవన్నీ బాగానే ఉన్నాయి, అందుకే చింపాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

దిలావర్ ఖతీఫ్‌లోని ఫోను క్యాబిన్ దగ్గర దింపి బయట పికప్‌లోనే కూర్చున్నాడు. మూడోసారికి లైను కలిసింది. గురవయ్య ఎత్తి, ఉందని చెప్పి ఇచ్చాడు. జయ హలో అనలేదు. "చెప్పు" అంది.

"కంపెనీ ఆపలేదు జయా. నేనే ఆగిన" అన్నాను.

"ఎందుకు?"

"ఆరేండ్లు ఉల్లిగడ్డలు కోసిన. ఒక్కనాడు తాళాలు నా చేతికిచ్చిండ్రు. నాకు పోబుద్ధి గాలే. భయముండె. బాగ భయముండె. అయినా పోబుద్ధి గాలే."

దుకాణంలో ఎవరో యూరియా బస్తాల లెక్క అడగడం వినిపించింది.

"గీ ముక్క జనవరిలనే రాస్తే అయిపోవు గదా" అంది.

అయిపోయేదే అన్నాను. ఇక తినమన్నాను. ఒక్కపొద్దు విడిచిపెట్టమన్నాను. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టమని, కడుపు మాడ్చుకోవద్దని చెప్పాను.

"ఎప్పుడో ఇడిసిన" అంది జయ. "లచ్చన్న చెప్పిన దినమే వండుకోని కడుపు నిండ తిన్న. కంపెనోల్లు నిన్ను పట్టి ఉంచితె నేను ఒక్కపొద్దుండాలె. నువ్వే కూసున్నంక నాకేం పట్టింది?"

నేను పన్నెండు రోజులుగా ఒక్క పూటే తింటున్నానని చెప్పాను. ఆమె నవ్వింది. చిన్న నవ్వు, ముక్కుతో. మూడేళ్ల తర్వాత విన్నాను ఆ నవ్వు.

అంత విడవలేనిది ఏం వండుతున్నావని అడిగింది. చెప్పాను. నల్లాకు, గొర్రె మాంసం కూరిన పేగులు, చిక్కుడు గింజలు, నిమ్మకాయ. బోటి కూరలో ఆకుకూర వేసినట్టా అంది. దాదాపు అంతే అన్నాను. ఎంతమంది తింటారని అడిగింది. రోజూ తొమ్మిదిమంది, ఒకరోజు ఎనభైమంది తిన్నారని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం నాకే వినిపించింది. ఆమెకూ వినిపించే ఉంటుంది.

"లగ్గమై పదిహేనేండ్లాయె. మాకు ఒక్కనాడన్న వండి పెట్టినవా?" అంది.

లేదు. ఒక్కనాడూ లేదు. ఇంటికి పోయినప్పుడల్లా పీట వేసుకుని కూర్చునేవాడిని, జయ వడ్డించేది.

జవాబు చెప్పేలోపు లైను పోయింది. మళ్లీ కలపమంటారా అని క్యాబిన్ మనిషి సైగ చేశాడు. వద్దన్నాను. ఆ మాటకు ఫోన్లో చెప్పే జవాబు లేదు.

క్యాంపుకు వచ్చి, వంటింట్లో పరదా దించుకుని, నిన్నటి కోడికూర వేడి చేసుకుని అన్నంలో తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. మళ్లీ పెట్టుకున్నాను.

సాయంత్రం రినాల్దీ సాబ్ దగ్గరికి పోయాను. పెద్ద వంటవాడి పని నాకు ఇష్టమే, చేస్తాను, కానీ ముందు రెండు నెలలు సెలవు కావాలని చెప్పాను. రంజాను పండుగ అయిన మర్నాడే పోవాలి. అప్పటిదాకా కూలీల మెస్సు వంటవాడికి స్ట్యూ నేర్పుతానన్నాను, రాసి కూడా ఇస్తాను, ఉప్పు ఎంతో, నిమ్మకాయలు ఎన్నో. ఆయన సొరుగులోంచి సెలవు కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆపాడు. ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడిగాడు.

అందరూ బాగున్నారన్నాను.

ఏదో ఒక కారణం రాయాలి కదా అన్నాడు. భార్యకు జబ్బు అని రాస్తే ఆఫీసులో త్వరగా అవుతుందని కూడా చెప్పాడు.

అట్లా వద్దు సాబ్ అన్నాను. నాకే పోవాలని ఉంది, అదే రాయండి అన్నాను.